గోడ మైసమ్మ ఎత్తు

గోడ మైసమ్మ తనంతట తానే పైకి లేచిందని పాలగడ్డలో అరవై ఇళ్లూ నమ్మిన రోజుల్లో, లేపింది ఎవరో తెలిసినవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకరు నీలమ్మ. రెండోవాడు ఆమె మరిది సాయిలు, తాపీ మేస్త్రి. ఎందుకు లేపారో కూడా వాళ్లకు తెలుసు. పిడకల కోసం.

ముందు పాలగడ్డ సంగతి చెప్పుకోవాలి. దబీర్‌పురా స్టేషన్ వెనక సందుల్లో పడి ఏటివైపు నడుస్తూ పోతే మొదట మూసీ వాసన తగులుతుంది, ఆ తర్వాత బర్రెల వాసన. రెండూ కలిసి ఏది ఏదో తెలియని చోట బస్తీ మొదలవుతుంది. అరవై గడపలు, మూడు వందల చిల్లర బర్రెలు, ఒక మసీదు, ఒక కల్లు కాంపౌండు. వీళ్ల తాతలు నల్లగొండ వైపు నుంచి గొడ్లను తోలుకొచ్చి, నవాబుల మేడలకు, అంటే దేవిడీలకు, పాలు పోస్తూ ఏటి ఒడ్డున పాతుకుపోయారు. ఏ నవాబు పిల్లలు ఎవరి బర్రె పాలు తాగి పెరిగారన్నది ఇప్పటికీ పాలగడ్డలో పౌరుషానికి సంబంధించిన విషయం. నవాబులు పోయారు, దేవిడీలు కొన్ని గోదాములయ్యాయి, కొన్ని ఫంక్షన్ హాళ్లయ్యాయి. పౌరుషం మాత్రం అట్లాగే ఉంది.

వీళ్ల బర్రెలు తినేది ఏట్లో పండే గడ్డి. నగరంలోని మురుగంతా మూసీలోకి దిగుతుంది. ఆ నీళ్లకు ఏటి నడుమ ఇసుక మేటల మీద గడ్డి నిలువెత్తు పెరుగుతుంది. దాన్ని కోసి మోపులు కడతారు, బర్రెలకు వేస్తారు, పాలు పిండుతారు. ఆ పాలతో పాత నగరంలో సగం హోటళ్లలో ఛాయ్ మరుగుతుంది. గుల్జార్ హౌజ్ దగ్గర కూర్చుని కప్పులో మలాయి మెచ్చుకునే పెద్దమనుషులకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. చెప్పినా మెచ్చుకోవడం మానరనుకోండి.

బస్తీలో ఇళ్లకు మున్సిపాలిటీ నెంబర్లు ఉన్నాయి గానీ వాటిని పోస్టుమాన్ ఒక్కడే వాడతాడు. మిగతావాళ్ల లెక్క వేరు. ఇల్లయితే తుగ్యానీ పైన, లేకపోతే తుగ్యానీ కింద. తుగ్యానీ అంటే పందొమ్మిది వందల ఎనిమిదిలో మూసీ పొంగి నగరాన్ని ముంచిన వరద. అప్పుడు నీళ్లు ఎంత మేరకు వచ్చాయో గుర్తుండాలని సర్కారు వాళ్లు పాలగడ్డలో ఒక పాలకొట్టం గోడకు నల్లరాయి ఒకటి పొదిగించి పోయారు. మూరెడు పొడవు రాయి, ఉర్దూలో రెండు ముక్కలు, వాటి కింద అడ్డంగా ఒక గీత. ఆ గీతే లెక్క. గీతకు పైన గడప ఉన్నవాళ్లు పైవాళ్లు, మిగతావాళ్లు కిందివాళ్లు. వరద వచ్చి యాభై ఏళ్లు దాటినా పైవాళ్లు కిందివాళ్లకు పిల్లనివ్వడానికి నసిగేవాళ్లు.

నీలమ్మ కార్వాన్ పిల్ల. పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో పెళ్లిమాటలప్పుడు ఆమె తండ్రికి, "మాది తుగ్యానీ పైన ఇల్లు" అని మొగపిల్లవాడి తరఫువాళ్లు ఛాతీ విరిచి చెప్పారు. కాపురానికొచ్చాక చూస్తే ముందరి గది పైన, వెనక కొట్టం కింద. గదిలోంచి ఆరు మెట్లు దిగితేగాని బర్రెల దగ్గరికి పోలేరు.

"సగం అబద్ధం జెప్పిన్రు మీవోళ్లు," అన్నది ఆమె మొగుడు ఆగయ్యతో.

"సగం నిజం గూడ జెప్పిన్రు గదా," అన్నాడు ఆగయ్య. అతను రైల్వేలో గ్యాంగ్‌మన్, పట్టాల మనిషి. దేనికీ ఎక్కువ దూరం వాదించడు.

తుగ్యానీ రాయి ఉన్నది ఆ కొట్టం గోడకే. నీలమ్మకు దానితో వచ్చిన చిక్కు చరిత్రకు సంబంధించింది కాదు. ఆ గోడ దక్షిణం ముఖం. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం దాకా ఎండ పడుతుంది. బస్తీలో పిడకలకు అంత మంచి గోడ ఇంకొకటి లేదు. పాలగడ్డ ఆడవాళ్లు గోడను అడుగుల్లో కొలవరు, వరుసల్లో కొలుస్తారు. కింది నుంచి మొదటి వరుస పాదాల దగ్గర, మూడోది తొడల దగ్గర, అయిదోది రొమ్ము ఎత్తు, చెయ్యి చాపితే ఎనిమిదోది. అక్కడితో సరి. నీలమ్మ గోడకు సరిగ్గా అయిదో వరుసలో, నట్టనడుమ, ఈ రాయి. రాతి మీద పిడక పట్టదు. పట్టినా సగం ఆరి జారిపోతుంది. పన్నెండేళ్లు ఆమె ఆ రాయికి అటు రెండు, ఇటు రెండు పిడకలు కొడుతూ, నడుమ ఖాళీని చూసి రోజుకొకసారి విసుక్కుంది.

డెబ్భై ఒకటో సంవత్సరం వానాకాలంలో ముసురు పట్టి పది రోజులు వదల్లేదు. కొట్టం గోడ నాని, ఒక తెల్లవారుజామున మోకాలి ఎత్తు దాకా మిగిలి తక్కింది కూలింది. బర్రెలకేమీ కాలేదు. తుగ్యానీ రాయి బురదలో బోర్లా పడింది. వాన వెలిశాక సాయిలు వచ్చి గోడ లేపడం మొదలుపెట్టాడు. అయిదో వరుస దగ్గరికి వచ్చేసరికి రాయిని కడిగి పెట్టుకుని అడిగాడు.

"వదినె, రాయి యాడుండెనో గాడనే పెడదునా?"

"ఇంకో నాలుగు వరుసలు పైకి పెట్టు."

"గదేంది? సర్కారోళ్ల రాయి."

"సర్కారోళ్లొచ్చి నాకు పిడకలు కొడ్తరా? నా చెయ్యి అందని కాడ పెట్టు. నా గోడ నాకు గావాలె."

సాయిలు డ్రమ్ము మీదికెక్కి, వదినె చెయ్యి చాపిన ఎత్తు చూసి, దానికి ఇంకొక వరుస పైన రాయిని పొదిగాడు. ఆ సంవత్సరం నుంచి నీలమ్మ గోడకు అయిదో వరుస నిండుగా వచ్చింది. ఆమె సంతోషం అంతవరకే. రాయి గురించి మళ్లీ ఆలోచించలేదు.

ఆలోచించింది వేరేవాళ్లు. డెబ్భై మూడులో గొడ్లకు గాలికుంటు వచ్చింది. నోళ్లు పుండ్లయి, గిట్టలు చీలి, బర్రెలు మేత ముట్టలేదు. పై సందులో బుచ్చమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. బస్తీలో ఏ మొక్కు ఎప్పుడు తీర్చాలో, ఎవరింట్లో ఏ దోషముందో ఆమె నోటిమీదే ఉంటుంది. ఆమె పాడిబర్రె మూడు రోజులు పడుకునే ఉంది. నాలుగో రోజు బుచ్చమ్మ నీలమ్మ కొట్టం దగ్గరికి ఏదో పని మీద వచ్చి, తలెత్తి చూసి, నిలబడిపోయింది. పిడకల మధ్య, పేడ మరకల్లో ఉండవలసిన నల్లరాయి అందరి చేతులకూ అందకుండా, శుభ్రంగా, ఎండలో మెరుస్తూ కనిపించింది.

"నీలమ్మా, గీ రాయి కిందుండె గదనే?"

"ఉండె," అన్నది నీలమ్మ, చేతుల నిండా పేడతో.

"గోడ కూలినా రాయి పలగలే. మీదికి వొచ్చింది. తనంతట తానే లేసింది తల్లి!"

నీలమ్మ అప్పుడే చెప్పి ఉండాలి. నోరు తెరిచింది కూడా. కానీ బుచ్చమ్మ అప్పటికే చెంపలు వేసుకుని, బర్రె లేస్తే బోనం పెడతానని మొక్కేసింది. అట్లా మొక్కుతున్న ముసలామె ముందు నిలబడి "పిడకల కోసం నేనే పెట్టించిన" అనడం ఎవరికైనా కష్టమే. ఆ సాయంత్రమే బర్రె లేచింది. గాలికుంటు వచ్చిన గొడ్డు చాలావరకు వారంలో లేస్తుంది. ఆ ముక్క పశువుల డాక్టరు చెబితే ఎవరూ బొట్టు పెట్టరు గదా. మరుసటి ఆదివారానికి రాయికి పసుపు, కుంకుమ, వేపమండ వచ్చాయి. పేరు కూడా వచ్చింది, గోడ మైసమ్మ.

ఆ తర్వాత నీలమ్మ నోరు విప్పకపోవడానికి ఇంకొక కారణం కూడా ఉంది. గోడ ఆమెది కనుక ఆషాఢంలో మొదటి బోనం ఆమెది. తుగ్యానీకి సగం పైన, సగం కింద ఉన్న ఇంటికి పడుచుగా వచ్చి, పైసందు ఆడవాళ్ల చూపుల కింద పద్నాలుగేళ్లు నలిగిన మనిషి, డప్పుల ముందు బోనమెత్తుకుని నడిచింది. అది ఆమెకు నచ్చింది. నచ్చలేదంటే అబద్ధమవుతుంది. రాయి కింద ఎనిమిది వరుసల పిడకలు మాత్రం యథాప్రకారం కొట్టింది. బుచ్చమ్మ ఒకసారి గొణిగితే, "అమ్మోరు పైన్నే ఉండె గద అత్తా, కింద నాకు ఇడిచిపెట్టింది," అని నోరు మూయించింది.

ఆరేళ్లు గడిచాయి. డెబ్భై తొమ్మిదిలో ఏటి ఒడ్డు బస్తీల సర్వే వచ్చింది. తుగ్యానీ గీతకు కింద ఉన్న ఇళ్లు ఏటి భూమి కిందికి వస్తాయని, వాటిని తీసేసి అక్కడివాళ్లకు ఊరి బయట ఎక్కడో జాగా చూపిస్తారని కాగితం అంటించారు. ఎక్కడో అన్నది ఎక్కడో కాగితంలో లేదు. బర్రెలతో సహా ఎట్లా పోవాలో, పోయినచోట గడ్డి ఎట్లా వస్తుందో కూడా లేదు.

ఓవర్సీర్ వైకుంఠం మూడుకాళ్ల దుర్బిని, ఎర్రరంగు డబ్బా పట్టించుకుని పాలగడ్డకు వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, ఎండకు రుమాలు తల మీద వేసుకుని పని చేసుకుపోయే రకం. అతని దగ్గర ఉన్న పాత కాగితంలో ఒకే ఒక గుర్తు రాసి ఉంది: పాలగడ్డ, పాలకొట్టం గోడ, వరద రాయి. రాయి దొరికింది. పసుపు తుడవమంటే ఎవరూ ముందుకు రాలేదు. తానే రుమాలుతో తుడిచి, గీత చూసుకుని, అక్కడి నుంచి దుర్బిని పెట్టి ఇల్లిల్లూ కొలిచాడు. గీతకు కింద గడప ఉన్న ప్రతి ఇంటి గోడకూ ఎర్ర అడ్డగీత కొట్టించాడు.

మొదటి రోజు బుచ్చమ్మ సంబరపడింది. "సర్కారు కాయితంల గూడ అమ్మోరు ఎక్కింది సూడున్రి," అని సందంతా చెప్పుకుంది. రెండో రోజు ఎర్రరంగు పై సందుకు ఎక్కింది. మూడో రోజు బుచ్చమ్మ గడప పక్కనే తడిగీత నిలబడింది. మొత్తం అరవై ఇళ్లలో నలభై ఒకటికి గీత పడింది.

"సారూ, మాది తుగ్యానీ పైన ఇల్లు!" అని అడ్డం వచ్చింది బుచ్చమ్మ. "మా అత్త కండ్లార సూసింది. నీళ్లు మా గడపకు నాలుగు గజాల ఇవతలనే ఆగినయంట!"

"మీ అత్త ఉన్నదా?"

"ఆమె పోయి ముప్పై ఏండ్లాయె."

"ఉన్నా నేను ఆమె మాట రాసుకోలేనమ్మా. రాయి ఏం చెబితే అది రాస్తా. అబ్జెక్షన్ ఉంటే కాగితం పెట్టుకోండి. పదిహేను రోజుల్లో మళ్లీ వస్తా, అందరి ముందు వింటా."

ఆ సాయంత్రం నీలమ్మ ముందరి గదిలో తన గడప పక్క ఎర్రగీతను చూస్తూ కూర్చుంది. ఆరు మెట్ల పైనున్న గది అది. సాయిలు రాయిని పైకి పెట్టకపోతే ఈ గదికి, బుచ్చమ్మ ఇంటికి, ఇంకా ఇరవై ఆరు ఇళ్లకు గీత పడేది కాదు. అది ఆమెకు వేళ్ల మీద లెక్క. గీతలు పడుతున్న మూడు రోజులూ ఆమె ఆ లెక్కే చేస్తూ తిరిగింది. ఆగయ్యకు అంతా చెప్పింది.

ఆగయ్య బీడీ ముట్టించాడు. "పిడకలకా?" అన్నాడు.

"మరి దేనికి?"

"పిడకలకు నలభై ఇండ్లు పీకిపిచ్చినవు."

"నీళ్ల కింద కొట్టమున్న ఇంటికి నన్ను తెచ్చింది మీవోళ్లే."

అతను వాదించలేదు. "జెప్పాలె," అన్నాడు. "జెప్తే తంతరు. జెప్పకపోతే పోతరు."

సాయిలు మాత్రం చేతులు జోడించాడు. "నా పేరు తియ్యకు వదినె, నీ కాల్మొక్త. దేవతను గునపంతోని లేపిన మేస్త్రి అంటే ఈ హైదరాబాదుల నాకు పునాది తవ్వనిచ్చేటోడుంటడా? గృహప్రవేశం కాడ నన్ను జూసి జనం దండం పెట్టి ఉరుకుతరు."

"అప్పుడది దేవత కాదు గదరా."

"ఇప్పుడైతే అయ్యింది గదా!"

అతను చెప్పిందాంట్లో తప్పులేదు. నీలమ్మ రోజూ పొద్దున గోడ దగ్గర నిలబడి పిడకలు కొడుతూ, రేపు చెబుతాననుకునేది. కానీ పదిహేను రోజులూ బస్తీ ఊరుకోలేదు. బుచ్చమ్మ నడుం కట్టింది. అర్జీ రాయించడానికి చార్మినార్ దగ్గరి అర్జీ మున్షీ దగ్గరికి పదిమందిని వెంటేసుకుని పోయింది. అందులో ఏం రాయించిందో ఎవరికీ చెప్పలేదు. "గీ అర్జీతోని సర్కారు నోరు మూతవడ్తది," అన్నది.

వైకుంఠం చెప్పిన రోజుకే వచ్చాడు. కొట్టం ముందు వాకిట్లో కుర్చీ వేశారు. బస్తీ మొత్తం కూడింది. గోడ మీద ఎనిమిది వరుసల పిడకలు ఆరుతున్నాయి, వాటి పైన కొత్తగా పసుపు పూసిన మైసమ్మ. మసీదులో అజాన్ పలికే మౌజన్ లతీఫ్ సాబ్ కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మసీదు వెనక ఉన్న ఆయన రెండు గదులకూ గీత పడింది.

వైకుంఠం బుచ్చమ్మ అర్జీ విప్పి చదివాడు. ఒకసారి చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"రాయి డెబ్భై ఒకటిలో గోడ కూలినప్పుడు దేవత మహిమ వల్ల దానంతట అదే పైకి లేచింది. కనుక ఇది వరద ఎత్తు కాదు. ఇదేనా మీ అబ్జెక్షన్?"

"గదే సారూ," అన్నది బుచ్చమ్మ. "అమ్మోరు లేసిన ఎత్తది. నీళ్లు లేసిన ఎత్తు కాదు. అరవై ఇండ్లల్ల ఎవర్నన్న అడుగు."

"లేసింది సారూ! లేసింది!" అన్నారు జనం.

వైకుంఠం కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. "నేను కూడా ఆషాఢంలో బోనానికి పోయే మనిషినేనమ్మా. కానీ నా ఫైల్లో రాయి దానంతట అది లేవదు. లేచింది అని రాస్తే నన్ను లేపుతారు. ఎవరన్నా లేపి ఉంటే చెప్పండి. మనిషి లేపాడంటే రాసుకుంటా. లేకపోతే గీతలు గీతల్లాగే ఉంటాయి."

మనుషులు లేపారనడం బుచ్చమ్మ కోటను కూల్చడం. లేపలేదనడం నలభై ఒక్క ఇళ్లను కూల్చడం. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సాయిలు జనం వెనకాల గోడకు అతుక్కుని నేలను చూస్తున్నాడు.

నీలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని ముందుకు వచ్చింది.

"నేను లేపిన సారూ."

"ఏంది?" అన్నది బుచ్చమ్మ.

"నేనే పైకి పెట్టిచ్చిన. గోడ వడ్డప్పుడు. పిడకలకు అడ్డమొస్తుండె. అయిదో వరుస కాడుండె రాయి. నా చెయ్యి అందకుంట పైకి పెట్టుమన్న. పెట్టిన్రు."

వాకిట్లో ఒక్కసారి లొల్లి లేచింది. ఒకామె శాపనార్థాలు పెట్టింది. ఇంకొకామె నవ్వింది, వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బుచ్చమ్మ మొహం పసుపు పూసిన రాయిలాగే అయింది.

"ఆరేండ్లు నా ఎదురుంగ బోనమెత్తితివి గదనే! మొదటి బోనం!"

"ఎత్తిన."

"ఒక్కనాడన్న జెప్పబుద్ది గాలేదా?"

"నువ్వు మొక్కుతుంటే ఎట్ల జెప్పాలె అత్తా? తర్వాత నాకు గూడ మంచిగనిపిచ్చింది. తప్పే."

"ఇండ్లు పోతున్నయని జెప్తున్నది సారూ! అబద్ధం!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. నోరు జారాక ఆ మనిషికి తన ఇంటి గీత గుర్తొచ్చినట్టుంది, మళ్లీ అరవలేదు.

వైకుంఠం మాత్రం ఆ మాటను పట్టుకున్నాడు. "అదే నేనూ అడుగుతున్నా. ఇంతకుముందు దేవత లేపింది అన్నారు. ఇప్పుడు మీరు లేపానంటున్నారు. ఇల్లు కాపాడుకోవడానికి ఏదైనా అంటారు. అయిదో వరుస అనడానికి రుజువేముంది?"

నీలమ్మ దగ్గర రుజువు లేదు. పాత గోడ బురదై ఎనిమిదేళ్లయింది.

అప్పుడు లతీఫ్ సాబ్ అరుగు మీద నుంచి లేచాడు. "ఓవర్సీర్ సాబ్, ఇంకొక పత్థర్ ఉండాలె. మా అబ్బాజాన్ జెప్పేటోడు. మసీదు బయటి దీవార్‌కు, ఏటి దిక్కు, ఇగో గింత ఎత్తుల," అని మోకాలు చూపించాడు. "ప్రతి రమ్‌జాన్‌కు సున్నం ఏస్తం. డెబ్భై ఏండ్ల సున్నం. నేను గూడ కండ్లతోని సూడలే."

మసీదు సందులో పైకి అరవై అడుగుల దూరం. జనం మొత్తం అటు నడిచింది. లతీఫ్ సాబ్ చూపించిన చోట సాయిలు వెళ్లి తాపీతో గోకడం మొదలుపెట్టాడు. ఎవరూ అతన్ని పిలవలేదు. పని కనిపించేసరికి చెయ్యి ఆగలేదంతే. సున్నం పొరలు పొరలుగా, రొట్టె ముక్కల్లా రాలింది. అరచేతి మందం రాలాక నల్లరాయి అంచు కనిపించింది. తర్వాత ఉర్దూ ముక్కలు. తర్వాత గీత. మోకాలి ఎత్తు రాయికి ఎవరూ మొక్కలేదు, దాన్ని ఎవరూ కదపలేదు. సున్నం దాన్ని దాచిపెట్టింది.

వైకుంఠం దుర్బిని తెప్పించడానికి మనిషిని పంపబోతే సాయిలు అడ్డం వచ్చాడు. "సారూ, అది వొచ్చేదాక ఎందుకు? నా నీళ్ల గొట్టముంది." మేస్త్రీలు దూలాలు సమంగా పెట్టడానికి వాడే గొట్టం అది. అవతల కనిపించే పలచటి ప్లాస్టిక్ గొట్టం నిండా నీళ్లు. రెండు కొసల్లోనూ నీళ్లు ఎప్పుడూ ఒకే ఎత్తున నిలుస్తాయి. దానికి దుర్బిని అవసరం లేదు, చదువు అవసరం లేదు. బుడగ ఉండకూడదు, అంతే.

సాయిలు గొట్టాన్ని రెండుసార్లు వేలితో కొట్టి బుడగలు పోగొట్టాడు. ఒక కొస మసీదు రాతి గీతకు పెట్టి వైకుంఠాన్నే పట్టుకొమ్మన్నాడు. రెండో కొస పట్టుకుని తను సందులోకి దిగాడు. గొట్టం ముప్పై అడుగులే. సగం దారిలో ఒక గోడ మీద నీళ్లు నిలిచిన చోట బొగ్గుతో చుక్క పెట్టాడు. అక్కడ కొసను లతీఫ్ సాబ్‌కు పట్టించి, మళ్లీ రెండో గంతు. జనం గొట్టం వెంట ఊరేగింపులా నడిచింది. నీలమ్మ మాత్రం ముందే వెళ్లి తన గోడ దగ్గర నిలబడింది.

సాయిలు గొట్టం కొసను గోడకు ఆనించి పైకి, కిందికి జరిపాడు. నీళ్లు ఊగి, ఊగి, నిలిచాయి. అయిదో వరుస పిడక మీద, సరిగ్గా నడుమ.

నీలమ్మ ఆ పిడకను గోడ నుంచి పీకి నేల మీద పడేసింది. పిడక ఉన్న చోట గోడ మీద పచ్చటి గుండ్రని మచ్చ మిగిలింది. మచ్చ నడుమ సాయిలు బొగ్గుతో గీత గీశాడు. వైకుంఠం గొట్టంలోకి వంగి చూశాడు, గీతను చూశాడు, పైన మైసమ్మను చూశాడు. మరుసటి రోజు దుర్బినితో కూడా చూసుకున్నాడు. వేలెడు తేడా కూడా రాలేదు.

వెళ్లబోతూ సాయిలును అడిగాడు. "రాయి పైకి పెట్టిన మేస్త్రి నువ్వేనా?"

సాయిలు గొట్టంలో నీళ్లు పారబోస్తూ, "గోడ కట్టమన్నరు, కట్టిన సారూ," అన్నాడు. ఆ తర్వాత అతనికి పని తగ్గలేదు. ఇంకా పెరిగిందని కూడా అంటారు.

నలభై ఒక్క గీతల్లో ఇరవై ఎనిమిదింటిని సున్నంతో కొట్టేశారు. పదమూడు మిగిలాయి. ఆ పదమూడు కుటుంబాలు మరుసటి సంవత్సరం బర్రెలను తోలుకుని సంతోష్‌నగర్ అవతలికి పోయాయి. నీలమ్మ ముందరి గది నిలిచింది, గీత గడపకు జానెడు కిందనే ఆగింది. కొట్టం పోయింది. ఆమె ఆ లెక్క ముందే వేసుకుందని, అసలైన గీతకు కూడా కొట్టం కిందే ఉంటుందని, తెలిసే నోరు విప్పిందని తర్వాత ఆగయ్య ఒకరిద్దరికి చెప్పాడు. ఆమె మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి అందులో పెద్ద త్యాగమేమీ లేదని ఆమె ఉద్దేశం. కొట్టం ఎట్లాగూ పోయేదే.

కొట్టంతో పాటు గోడా పోవాలి కదా. పడగొట్టే రోజున బుచ్చమ్మ పై సందు ఆడవాళ్లతో వచ్చి రాయిని పళ్లెంలో పెట్టించుకుని తీసుకుపోయింది. అది వరద రాయి అని, మనిషి పొదిగిన రాయి అని, పిడకల కోసం జరిపిన రాయి అని బస్తీలో ఇప్పుడు అందరికీ తెలుసు. దానివల్ల ఆషాఢానికి ఏ తేడా రాలేదు. పై సందు మలుపులో చిన్న గుడి కట్టారు. కట్టింది సాయిలే. రాయి ఎంత ఎత్తున పెట్టాలని అతను అడిగితే, "అయిదో వరుస కాడ," అన్నది బుచ్చమ్మ, ఇంకెటో చూస్తూ. మొదటి బోనం ఆమెదే అయింది. నీలమ్మ అడగలేదు, వాళ్లు ఇవ్వలేదు.

నీలమ్మకు బర్రెలు నాలుగు మిగిలాయి. కల్లు కాంపౌండు వెనక వాటికి ఒక పాక దొరికింది. దొరకనిది గోడ. ఎనభై ఒకటి ఎండాకాలం అంతా ఆమె తట్టలో పేడ పెట్టుకుని బస్తీలో గోడలు చూసుకుంటూ తిరిగింది. తుగ్యానీ పైన ఉన్న ప్రతి దక్షిణపు గోడకూ ఎవరో ఒకరి పిడకలు ఉన్నాయి. ఒక్కటే ఖాళీ. కొత్త గుడి వెనక గోడ. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం దాకా ఎండ.

ఆమె రెండు రోజులు అటు పోకుండా ఉంది. మూడో రోజు పోయింది. కింది నుంచి మొదటి వరుస కొట్టింది, రెండో వరుస కొట్టింది. మూడో వరుస సగంలో ఉండగా గుడి ముందు వైపు నుంచి బుచ్చమ్మ చేతిలో వేపమండతో వచ్చి నిలబడింది. నీలమ్మ చేతిలోని ముద్దను అట్లాగే పట్టుకుని ఆగింది.

బుచ్చమ్మ గోడను కింది నుంచి పైకి చూసింది.

"నాలుగు వరుసలే నీలమ్మా," అన్నది. "అయిదోది అమ్మోరిది."

"అట్లనే అత్తా," అని నీలమ్మ ముద్దను గోడకు కొట్టింది.